సాంచా శ్రుతి

మా గల్లీలో పాట వినాలంటే ముందు సాంచాలతో కొట్లాడాలి. మరమగ్గాలను సిరిసిల్లలో మేం సాంచాలంటాం. ఇంటింటికీ అవే. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఒకటే మోత. కొత్తగా వచ్చిన చుట్టాలు చాయ్ కంటే ముందు తలనొప్పి బిళ్ల అడుగుతారు. మేం మాత్రం ఆ మోతలోనే పుట్టి, ఆ మోతలోనే గుసగుసలు కూడా ఆడుకుంటాం.

మీసేవ సెంటర్లో ఆపరేటరుగా చేరిన కొత్తలో నేను చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కొన్నాను. పెట్టుకోగానే సాంచాలు ఎటో వెళ్లిపోయాయి. వాయులీనం తీగ మీద కమాను ఆనే ముందు వాయించే మనిషి పీల్చిన ఊపిరి వినబడింది. పాటలో ఇంత చోటు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇక ఆ రోజు నుంచి నా పిచ్చి ఆగలేదు. పాత సామాన్ల దుకాణంలో దొరికిన నిలువెత్తు చెక్క స్పీకర్ల జత, మంచి మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే చిన్న డబ్బా, రికార్డింగు సాఫ్ట్‌వేరు, ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చి చేరాయి. బ్లూటూత్ డబ్బాలో పాట వినేవాళ్లను చూస్తే నాకు వాళ్ల మీద జాలి, కోపం రెండూ వస్తాయి. పెళ్లి బరాత్‌లో డీజే పెట్టిన వాళ్లతో మా గల్లీలో నేను రెండుసార్లు కొట్లాట పెట్టుకున్నాను.

"ఊళ్లె అందరు బట్టలకు పెట్టెలు కొంటరు. మా ప్రవళిక పాటకు కొంటది," అని బాపు నలుగురిలో నవ్వేవాడు. బాపు అంటే మా నాన్న, పేరు కైలాసం. సాంచాల దగ్గర నిలబడి నిలబడి ఆయనకు ఒక చెవి దాదాపు పోయింది, రెండోది సగం పనిచేస్తుంది.

ఆ ఏడు ఆషాఢంలో హైదరాబాదు వెళ్లి ఒక బ్యాండు ప్రోగ్రాం చూసొచ్చాను. స్టేజీకి దగ్గరగా నిలబడ్డాను. బేస్ గిటారు అతను లావు తీగను ఒక్కసారి మీటితే నా పక్కటెముకలు వణికాయి. పాట చెవితోనే కాదు, ఒంటితో కూడా వినొచ్చని ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ సాంచాలకు నూలు కండెలు చుడుతూ తల కూడా ఎత్తలేదు.

"గదేం వింత బిడ్డా. సాంచా పక్కన నిలవడితె రోజు గట్లనే ఉంటది," అంది.

నేను నవ్వి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

అవ్వ పేరు కొమురవ్వ. మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. ఆమె ఒక వరుస అందుకుంటే మిగతా ఆడవాళ్లంతా ఉయ్యాలో అని కలుపుతారు. రోజంతా కండెల మిషను ముందు కూర్చుని కూడా పాడుతూనే ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో దేశదేశాల పాటలున్నాయి గానీ అవ్వ పాట ఒక్కటి లేదు. పెరటి చెట్టు మందుకు పనికి రాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

శ్రావణంలో అవ్వ గొంతు కింద చిన్న వాపు కనబడింది. కరీంనగర్ తీసుకుపోయి చూపిస్తే థైరాయిడ్ గడ్డ, తీసెయ్యాలన్నారు. వినాయక నిమజ్జనం తర్వాత ఆపరేషన్ పెట్టుకున్నాం. డాక్టరమ్మ మంచిది, దాచకుండా చెప్పింది.

"గొంతుకు పోయే నరాలు దాని పక్కపొంటే ఉంటయమ్మా. జాగ్రత్తగనే చేస్తం. చానమందికి ఏం కాదు. కొందరికి గొంతు జర బరువెక్కుతది, ఎత్తు స్వరాలు అందవు. ముందే చెప్పుడు నా ధర్మం."

"మా అవ్వ పాడుతది మేడం," అన్నాను.

డాక్టరమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ సిగ్గుపడింది.

"నాదేం పాట డాక్టరమ్మా. నలుగురితోని కలిపి నాలుగు మాటలు."

తిరిగొచ్చే బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. వేములవాడ దాటాక నెమ్మదిగా అడిగింది. "ఈసారి సద్దుల బతుకమ్మకు పాట ఎవరెత్తుతరో ఏమో."

ఆపరేషన్‌లోపు అవ్వకు వచ్చిన పాటలన్నీ రికార్డు చెయ్యాలని ఆ సీట్లోనే అనుకున్నాను. అదీ మామూలుగా కాదు, ఒక్క మరక లేకుండా.

సాగర్ అని నాతో డిగ్రీ చదివినవాడు కరీంనగర్లో రికార్డింగు గది నడుపుతాడు. యూట్యూబులో వచ్చే జానపదాలు సగం ఆ గదిలోనే పుడతాయి. గోడలకు మెత్తలు, రెండు తలుపులు. లోపలికి వెళ్లి తలుపు వేస్తే మన నెత్తురు పారే చప్పుడు మనకే వినబడుతుంది. నాకు ఆ గది ఒక గుడి. అవ్వను మైకు ముందు కూర్చోబెట్టి, అద్దం ఇవతల నేను నిలబడ్డాను.

గునుగు పూలు తెంప పోతె ఉయ్యాలో, అని ఎత్తుకుంది. మొదటి వరుస బాగానే ఉంది. రెండో వరుసకు పాట కొంచెం పైకి జరిగింది. నాలుగో వరుసకు కిందికి జారింది. అవ్వ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అంతే. ఎన్నేళ్లుగానో రోజూ పాడే పాట అది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

సాగర్ ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి తాళం వినిపించాడు. అవ్వ కాసేపు ఓర్చుకుని వాటిని తీసేసింది.

"గడియారం కొట్టినట్టు కొడుతుంది కొడుకా. గది నన్ను పాడనిస్తలేదు."

"ఏమైతుంది పెద్దమ్మా? భయమా?" అన్నాడు సాగర్.

"భయమెందుకు. పాటను ఎక్కడ పట్టుకోవాల్నో తెలుస్తలేదు. కాళ్ల కింద నేల లేనట్టున్నది."

మేం దాన్ని భయం కిందే రాసుకున్నాం. బయటికొచ్చాక సాగర్ నన్ను పక్కకు పిలిచాడు.

"కొత్త జాగ గదా ప్రవళికా, బెదిరింది. ఇంట్లనే పాడిపియ్యి. కాని సాంచాలు బంద్ ఉండాలె. గా హమ్ మైకులకు ఎక్కిందనుకో, పాట పాడైతది."

హమ్ సంగతి నాకు ఒకరు చెప్పాలా. కరెంటు మోటార్లు నడిచేచోట సన్నగా, ఎడతెగకుండా వినబడే ఝుంకారం అది. చెక్క స్పీకర్లు కొన్ననాటి నుంచి దానితో నాకు పగ. దాన్ని పోగొట్టడానికి వైర్లు మార్చాను, ఎర్తింగు కోసం వాకిట్లో గుంత తవ్వించాను. నా పాటల్లో దూరిన దొంగగా తప్ప దాన్ని నేనెన్నడూ చూడలేదు.

ఇంట్లో సాంచాలు ఆపితే చాలదు, గల్లీ మొత్తం ఆగాలి. పని మీద పని ఉన్న రోజులు. అయినా బాపు ఇంటింటికీ తిరిగాడు. "మా కొమురవ్వ పాట పట్టుకుంటరట, గొంతు కోసుడు కంటె ముందు. జరసేపు బంద్ పెట్టుండ్రి," అని అడిగాడు. కాదన్నవాళ్లు లేరు.

చెప్పిన పొద్దుకు సాంచాలు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. ముందు గల్లీ చివర, తర్వాత ఎదురిళ్లు, ఆఖరికి మావి. నేను ఆ వాడలో పుట్టి పెరిగాను గానీ అట్లాంటి నిశ్శబ్దం వినలేదు. పావురాలు రేకుల మీద నడుస్తున్నాయి. ఎవరింట్లోనో పప్పు ఉడుకుతోంది. మా గోడ గడియారం చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. గల్లీకి గల్లీ అంతా మా అవ్వ కోసం నోరు మూసుకుని నిలబడింది. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

అవ్వ పాడింది. మూడో వరుసకు పాట జారింది.

గొంతు సవరించుకుని ఇంకో పాట ఎత్తింది. అదీ జారింది. వాకిలి బయట నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవ్వతో కలిసి ముప్పై ఏళ్లుగా బతుకమ్మ ఆడుతున్న పక్కింటి శంకరవ్వ పెద్దమ్మ లోపలికొచ్చి అవ్వ భుజం మీద చెయ్యి వేసింది.

"ఏందే కొమురవ్వా, పరాయిదాని లెక్క పాడుతున్నవు."

"నాకు సుత గట్లనే అనిపిస్తున్నదక్కా," అంది అవ్వ. "ఆపరేషన్ కాకముందుకే పోయినట్టున్నది."

అవ్వే లేచింది.

"చాలు తియ్యి బిడ్డా. మందిని ఎంతసేపు పని చెడగొట్టుకొమ్మంటవు. పెట్టుమనుండ్రి సాంచాలు."

సాంచాలు మొదలయ్యాయి. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని కండెల మిషను ముందు కూర్చుంది. నేను వైర్లు చుట్టడానికి వంగాను. బాపు నాలుగు సాంచాలూ పెట్టాక, ఆ మోతలో, నా వెనక నుంచి పాట వచ్చింది. గునుగు పూలు తెంప పోతె ఉయ్యాలో, గుట్ట మీద మబ్బు లేచె ఉయ్యాలో. వరుస తర్వాత వరుస, గీత గీసినట్టు. ఎక్కడ ఎక్కాలో అక్కడ ఎక్కుతోంది, ఎక్కడ దిగాలో అక్కడ దిగుతోంది. నేను వెనక్కి చూడకుండా రికార్డు మీట నొక్కాను. మోత పడితే పడనీ, తర్వాత కడుక్కోవచ్చనుకున్నాను. ఆ వారమంతా అట్లనే పట్టాను. అవ్వ కండెలు చుట్టింది, నేను పాటలు చుట్టాను.

కడగడానికి ఈ మధ్య మంచి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కలిసిపోయిన రికార్డును గొంతు ఒక పక్కకు, మిగతా చప్పుళ్లు ఒక పక్కకు విడదీస్తాయి. బియ్యంలోంచి రాళ్లు ఏరినంత సుళువుగా అయిపోయింది. మొదటి ఫైలుకు 'అవ్వ' అని పేరు పెట్టాను. రెండోదానికి 'చెత్త' అని పెట్టాను. ఏదీ పారెయ్యని రోగం నాకుంది కాబట్టి అది కూడా ఉండిపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున అవ్వను లోపలికి తీసుకుపోయారు. నేనూ బాపూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చేతులు ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్ తెరిచి 'అవ్వ' విన్నాను. శుభ్రంగా ఉంది. ఒక్క మరక లేదు. కానీ ఏదో లోటు. ఇల్లు అమ్మేశాక గోడకు మిగిలిన మేకులాగా పాట ఒంటరిగా వేలాడుతోంది. ఎందుకో అర్థం కాక కడగక ముందటి రికార్డును తెర మీద బొమ్మగా పరిచాను. ఏ స్వరం ఎంత ఎత్తులో ఉందో ఆ బొమ్మలో కనిపిస్తుంది.

అడుగున ఒక గీత ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వంకర లేకుండా నడుస్తోంది. అది హమ్. మోటార్ల ఝుంకారం. దాని మీద అవ్వ గొంతు లేస్తోంది, తిరుగుతోంది, వరుస అయిపోగానే కిందికి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ కరెక్టుగా ఆ గీత స్వరం మీదే వాలుతోంది, ఒక స్థాయి పైన. ఇంకో పాట తెరిచాను. అదే. ఇంకోటి తెరిచాను. అదే గీత, అదే చోటు.

కచేరీలో పాడేవాళ్ల వెనక తంబుర ఉంటుంది. మా అవ్వ వెనక సాంచాలున్నాయి. ఆమె పాటకు ఆధారమైన షడ్జమం మోటారులో ఉంది. నేను పగబట్టి, ఎర్తింగు గుంతలో పూడ్చిపెట్టాలని చూసిన ఆ ఝుంకారాన్నే నేలగా చేసుకుని ఆమె ఇన్నేళ్లూ పాడింది. గల్లీ మొత్తం ఆపి, ఆమె కాళ్ల కింద నేలను మేమే లాగేశాం. లోపల ఆమె గొంతు దగ్గర కత్తి ఉంది. బయట నేను మొదటిసారి మా అవ్వ పాట వింటున్నాను.

హెడ్‌ఫోన్లు తీసి బాపుకు పెట్టాను. మంచి చెవి వైపు గట్టిగా అదుముకుని విన్నాడు.

"మూడో సాంచా," అన్నాడు. "మీ అవ్వ కాపురానికొచ్చిన కొత్తల దాని పక్కకే కూసునేది. గక్కడనే పాట షురూ జేసింది. నేను సైగ చేస్తె ఆపేది, మళ్ల పాడేది."

లోపలి నుంచి నర్సు వచ్చి పిలిచేదాకా హెడ్‌ఫోన్లు తీయలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. గడ్డలో చెడు లేదని కూడా తేలింది. కానీ అవ్వ మొదటి మాట విని నేను గోడ వైపు తిరిగాను. అది లోతుగా, బొంగురుగా ఉంది. రెండు వారాలకు మళ్లీ చూపిస్తే డాక్టరమ్మ సంతోషించింది.

"నరం మంచిగనే ఉన్నదమ్మా. ఇంక గొంతును దాచుకోవద్దు. మాట్లాడు, పాడు. పాడితెనే వస్తది. అరవకు, అంతే."

అవ్వ తల ఊపింది. ఇంటికొచ్చి దాచుకుంది. కండెలు చుడుతోంది గానీ నోరు తెరవలేదు. సాంచాల పక్కన అవ్వ పాట లేకపోవడం నాకు మోతలోనే వినబడేది. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజు ఆడవాళ్లు పిలిస్తే బతుకమ్మను పేర్చి ఇచ్చి, తను గడపలోనే నిలబడింది. శంకరవ్వ పెద్దమ్మ ఎత్తింది. రోజూ అదే తంతు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. "సద్దుల నాడు నీ పాట స్పీకర్ల పెడత అవ్వా. అందరు దానికి ఆడుతరు," అన్నాను.

అవ్వ చేతిలోని కండెను పక్కన పెట్టింది.

"పాత కొమురవ్వ పాడుతుంటే కొత్త కొమురవ్వ నిలవడి సూడాల్నా?" అంది.



సద్దుల బతుకమ్మ రోజు సాంచాలు ఆగాయి. ఏటా పండుగపూట కూడా గల్లీ చివర ఏదో ఒక సాంచా నడిచేది గానీ ఈసారి మొత్తం బందే. పొద్దు వాలుతుండగా ఆడవాళ్లు మా ఇంటి ముందు బతుకమ్మలు పెట్టి చుట్టూ చేరారు. తంగేడు, గునుగు, బంతి, రంగు రంగుల చీరలు. అవ్వ కూడా కొత్త చీర కట్టుకుని, మెడకు కొంగు చుట్టుకుని, ఈసారి వలయంలో నిలబడింది. చప్పట్లు కొడుతోంది, పెదవులు మాత్రం కదలడం లేదు. శంకరవ్వ పెద్దమ్మ ఎత్తిన పాట ఆ నిశ్శబ్దంలో ఎక్కడ నిలవాలో తెలియక తిరుగుతోంది. ఒక్కొక్కరిదీ ఒక్కో ఎత్తు. పెద్దమ్మ ఆయాసపడి ఆగింది.

"నాతోని కాదే. గొంతు మనిషిని పక్కకు పెట్టుకొని నన్ను సతాయిస్తుండ్రు," అంది. నవ్వుతూనే అంది గానీ అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ తల దించుకుంది.

అప్పుడు తట్టింది నాకు. లోపలికి ఉరికి ఒక చెక్క స్పీకరును గడపలోకి జరిపాను. ల్యాప్‌టాప్ తెరిచాను. 'అవ్వ', 'చెత్త', రెండు ఫైళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. 'చెత్త' నొక్కాను.

గల్లీలోకి సాంచాలు వచ్చాయి. ముందు అడుగున ఝుంకారం, దాని మీద టకటక. గట్టిగా పెట్టలేదు, గుండెకు తగిలేంత పెట్టాను. ఆడవాళ్లు ఇటు తిరిగారు. ఒకరిద్దరు నవ్వారు. అవ్వ నవ్వలేదు. చప్పట్లు ఆపి, కళ్లు మూసుకుని, ఆ చప్పుడు వైపు తల వంచింది. ఆమె భుజాలు దిగడం నాకు కనబడింది.

గునుగు పూలు తెంప పోతె ఉయ్యాలో.

బొంగురుగా, నేలకు దగ్గరగా, కొత్త గొంతు. కానీ సరిగ్గా గీత మీద నిలబడింది. ఉయ్యాలో అని అందరూ కలిపారు. పాట పైకెక్కే చోటు వచ్చింది. అవ్వ ఎక్కలేదు. ఆ కింది స్వరం మీదే నిలబడి దాన్ని లాగి పట్టుకుంది, మోటారుతో కలిసి. శంకరవ్వ పెద్దమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు, ఆ ఆసరా మీద ఎక్కారు. ఒక్క గొంతు తప్పలేదు. నేను ఎన్నో కచేరీలు విన్నాను. అంత నిండైన శబ్దం నా చెవులకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. దండం పెట్టుకోవడానికి దేవుడెటు ఉన్నాడో తెలియక స్పీకరును పట్టుకుని నిలబడ్డాను.

లోపల కునుకు తీస్తున్న బాపు లేచి వచ్చాడు.

"పండుగపూట సాంచా పెట్టిందెవరే," అని అరుస్తూ సాంచాల గదిలోకి పోయి చూశాడు. నాలుగూ ఆగి ఉన్నాయి. తికమకపడి గడపలోకి వచ్చాడు. నేను స్పీకరు చూపించాను. దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"మూడోది," అన్నాడు.

"తప్పుగ పెట్టిన్నా బాపూ? బంద్ చెయ్యాల్నా?" అని చెవి దగ్గర అడిగాను.

బాపు వాకిట్లోకి చూశాడు. అవ్వ పెదవులు కదులుతున్నాయి. చెయ్యి తియ్యకుండానే స్పీకరు పక్కన గడప మీద కూర్చున్నాడు.

"బంద్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. "మీ అవ్వ పాడుతాంది."